మీటరుకీ మీటరుకీ మధ్య ఒక మెట్టు

మా పెద్దమ్మ గురించి చెప్పడానికి ఈ ఊళ్లో నాకంటే అర్హుడు లేడు. మిగతావాళ్లంతా ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు. కాబట్టి ఏ మాటైనా కొలుచుకుని, భయపడి, ఉన్నది ఉన్నంతే చెప్తారు. నాకా ఇబ్బంది లేదు. రెండో తరగతి సగంలోనే నేను బడి మానేశాను. మానేశాను అన్నాను, గమనించండి. తీసేశారని చెప్పుకు తిరిగేవాళ్లు నా సైకిలు షాపు చూసి కళ్లలో నిప్పులు పోసుకున్నవాళ్లు. ఇంకో ఏడాది చదివితే మాస్టార్లకు చెప్పడానికి ఏమీ మిగలదని జాలిపడి ఊరుకున్నాను, అంతే.

పెద్దమ్మ మూడో తరగతి టీచరు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంటుంది. పెదనాన్నకు కూడా అది వెంటనే తట్టదు. ఊరందరికీ ఆమె మెట్ల టీచరు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. బళ్లో ఆమె "చేతులు కట్టుకోండి!" అని అరిస్తే, రోడ్డుకు ఇవతల నా షాపులో సైకిలు ఎత్తి పట్టుకున్న నేను దాన్ని వదిలేసి చేతులు కట్టుకున్న రోజులున్నాయి.

ఆ పేరు ఎలా వచ్చిందంటే, మా బడి మిట్ట మీద ఉంది. వాకిట్లోంచి వసారాలోకి వెళ్లాలంటే ఏడు మెట్లెక్కాలి. ఒక్కోటీ మోకాలెత్తు. పెద్దమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తలో కొలతల పాఠం వచ్చింది. కిలోమీటరు, హెక్టామీటరు, డెకామీటరు, మీటరు, డెసీమీటరు, సెంటీమీటరు, మిల్లీమీటరు అని పుస్తకంలో పట్టిక ఉంటుంది కదా, అది చదువుతుంటే వెనక బెంచీ నిద్రపోయింది. మధ్య బెంచీ దాన్ని చూసి నిద్రపోయింది. మూడో వరస చదివేసరికి పెద్దమ్మకే ఆవలింత వచ్చింది. దాంతో పుస్తకం విసిరేసి, పిల్లలందర్నీ మెట్ల మీదికి తోలింది.

"అన్నిటికంటే పై మెట్టు కిలోమీటరు. అట్టడుగున మిల్లీమీటరు. సరిగ్గా నడుమ ఉన్నావిడ మీటరమ్మ. ఒక మెట్టు దిగితే ఒక సున్నా వస్తుంది. ఒక మెట్టు ఎక్కితే ఒక సున్నా పోతుంది. తీసెయ్యడానికి సున్నా లేకపోతే చుక్క ఒక గడి ఎడమకు జరుగుతుంది. అర్థమైందా?"

"దిగితే ఎందుకు పెరుగుతుంది టీచర్?"

"కింద ఉండేవాళ్లు చిన్నవాళ్లురా. పైన ఒక్కడు చేసే పనికి కింద పదిమంది కావాలి."

అంతే, పాఠం అయిపోయింది. మీటరు మీద నిలబడి రెండు మెట్లు దిగితే రెండు సున్నాలు, అంటే మీటరుకు నూరు సెంటీమీటర్లు. కిలోమీటరు నుంచి మూడు దిగితే మూడు సున్నాలు, వెయ్యి మీటర్లు. లీటర్లు, గ్రాముల సంగతేంటని అడిగితే, "మెట్లవేరా, అద్దెకున్నవాళ్లు మారారు" అనేది. మీటరమ్మ ఖాళీ చేసిన చోటే లీటరమ్మ, ఆ తర్వాత గ్రామమ్మ.

ఇంట్లో కూడా అదే వరస. నేను పొలం గట్టు మీద కిలోమీటరు పొడవు పాముని చూశానని చెప్తే, కూర తరుగుతూ తల కూడా ఎత్తకుండా, "మూడు మెట్లు దిగి చెప్పరా" అంది. సరే, మీటరన్నాను. "ఇంకో రెండు దిగు." సెంటీమీటరుకు వచ్చేసరికి నా పాము కాస్తా వానపాము పిల్లయింది. ఆ పాము నిజంగా కిలోమీటరే. కానీ ఆమెతో ఎవడు వాదిస్తాడు?

ఈ పద్ధతితో ఒక చిక్కు వచ్చింది. ఆమె దగ్గర చదివినవాళ్లు లెక్కలు తలతో వెయ్యరు, కాళ్లతో వేస్తారు. మా టైలరు మిషను మీద కూర్చునే కాలు రెండుసార్లు టకటకమని కొట్టి మీటర్లను సెంటీమీటర్లు చేస్తాడు. కాస్త పెద్ద లెక్క వస్తే నమ్మకం చాలక మెడలో టేపుతోనే బడికి వచ్చి, నాలుగు మెట్లు ఎక్కి దిగి, "ఆఁ, ఇప్పుడు కుదిరింది" అని వెళ్తాడు. నీళ్ల ట్యాంకు ఆపరేటరూ అంతే. బడి మెట్ల మీద మీసాలున్న పెద్దమనుషులు గొణుక్కుంటూ ఎక్కి దిగుతుంటే మాకు వింతగా ఉండేది కాదు.

ఇలా ఉండగా కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. మంచివాడే, మోకాళ్లే చెడ్డవి. మొదటిరోజే మూడో మెట్టు మీద ఆగిపోతే, అటెండరు వెనక నుంచి తోసి పైకి చేర్చాడు. తర్వాత వచ్చిన సెలవుల్లో పెద్దమ్మ, పెదనాన్న ఊళ్లో లేరు. ఆయన మేస్త్రిని పిలిచి, "ఈ మెట్ల ఎత్తు తగ్గించు" అన్నాడు. ఎత్తు తగ్గాలంటే ఒక మెట్టు ఎక్కువ కావాలి. మేస్త్రి ఏడింటినీ పగలగొట్టి, అదే ఎత్తులో ఎనిమిది కట్టాడు. సిమెంటు ఆరాక, ఇది మెట్ల టీచరు బడి కదా అని, తెల్ల పెయింటుతో మెట్టుకో పేరు కూడా రాశాడు.

బడి తెరిచిన రోజు పొద్దున్నే పెద్దమ్మ వచ్చి మెట్ల ముందు నిలబడింది. కింద నుంచి చదువుతూ పోయింది. మిల్లీమీటరు, సెంటీమీటరు, డెసీమీటరు, మీటరు, మీటరు...

"మేస్త్రీ!"

అలాంటి కేక నేను అంతవరకూ వినలేదు. గోడమీది పిల్లి కిందపడింది. పిల్లులు పడవంటారు, ఆ రోజు పడింది.

మేస్త్రి కూడా ఆమె దగ్గర చదివినవాడే. పరుగున వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"రెండు మీటర్లేంట్రా?"

"ఏడు పేర్లే ఉన్నాయి టీచర్. మెట్లేమో ఎనిమిదయ్యాయి. ఒకదానికి పేరు లేకపోతే అనాథలా ఉంటుంది కదా. మీకు మీటరమ్మంటే ఇష్టమని రెండోసారి కూడా ఆవిణ్ణే రాశాను."

"నా దగ్గరే చదివావు కదరా! ఈ మీటరు నుంచి ఆ మీటరుకు దిగితే ఏమవుతుంది?"

మేస్త్రి కాలితో నేల మీద ఒకసారి కొట్టాడు. మొహం తెల్లబోయింది. "ఒక సున్నా వస్తుంది టీచర్."

"అంటే మీటరుకు ఎన్ని మీటర్లు?"

"పది."

హెడ్మాస్టరు వసారాలోంచి చూస్తున్నాడు. "ఒక మెట్టు ఎక్కువైతే ఏంటి టీచర్? తక్కువైతే బాధ గానీ" అన్నాడు. పగలగొట్టించమని ఆమె అడిగితే మోకాళ్లు నిమురుకుంటూ, "మీకది ఎనిమిదో మెట్టు. నాకది మోక్షం" అని లోపలికి పోయాడు.

ఇక ఊరి సంగతి వినండి. నేను పెంచి చెప్తానని కొందరికి అనుమానం. ఈసారి తగ్గించే చెప్తున్నాను.

టైలరుకు రెండు మీటర్ల కిటికీకి కర్టెను కుట్టే పని వచ్చింది. బడికెళ్లి పై మీటరు మీద నిలబడి సెంటీమీటరు దాకా దిగాడు. మూడు మెట్లు, మూడు సున్నాలు. రెండు వేల సెంటీమీటర్లు కుట్టాడు. ఆ కర్టెను కిటికీకి కట్టి, గోడ మూల తిప్పి, పెరట్లోంచి తెచ్చి, పక్కింటి కిటికీకి కూడా కప్పినా ఇంకా మిగిలింది. పక్కింటావిడ సంతోషించింది. నీళ్ల ట్యాంకు ఆపరేటరు ఇంకో రకం. నాలుగు కిలోమీటర్ల గొట్టం కావాలి. కిలోమీటరు నుంచి కింది మీటరు దాకా దిగితే నాలుగు మెట్లు, నాలుగు సున్నాలు. నలభై వేల మీటర్ల గొట్టం తెప్పించాడు. అది వీధిలో దించాక మా ఇంటి నుంచి నా షాపుకు వెళ్లాలంటే గొట్టంలోంచి పాక్కుంటూ వెళ్లాల్సి వచ్చింది. లోపల ఎదురొచ్చినవాళ్లతో మర్యాదగా పలకరింపులు కూడా అయ్యేవి.

ఊరు పై మీటరు వాళ్లు, కింది మీటరు వాళ్లుగా చీలి తగవులాడుకోవడం మొదలుపెట్టింది. పెదనాన్న బల్ల చేయించడానికి రెండు మీటర్ల చెక్క తెమ్మంటే, కొట్టువాడు "పై మీటరా, కింది మీటరా?" అని అడిగాడట. ఆయన అసలే నెమ్మదస్తుడు. ఇంటికి తిరిగొచ్చి, "ఏమే, మనం ఏ మీటరు వాళ్లం?" అన్నాడు. పెద్దమ్మ గరిటె విసిరింది.

ఇంతలో ఊరి పెద్దలు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి, ఈ గోలంతా మెట్ల టీచరు చదువు వల్లే వచ్చిందన్నారు. కాళ్లతో లెక్కలేంటన్నారు. ఆయన ఆమెను పిలిపించాడు. చైను బిగించే నెపంతో ఆయన సైకిలు తీసుకుని నేను కిటికీ దగ్గరే ఉన్నాను.

"టీచర్, శుక్రవారం ఇన్‌స్పెక్టరు మేడమ్ వస్తున్నారు. మూడో తరగతికి కొలతల్లోనే పరీక్ష. మీ పిల్లలు తప్పు చెప్తే నన్నేం అనకండి. క్లాసు ఇంకొకరికి ఇస్తాను. మీరు స్టోరు గది చూసుకుంటే సరి."

స్టోరు గది ఎలా ఉంటుందో నాకు తెలుసు. నన్ను చాలాసార్లు అందులో నిలబెట్టారు. మూడు కాళ్ల కుర్చీలు, దేశాలు రాలిపోయిన గ్లోబు, చెమ్మెక్కిన సుద్దముక్కల పెట్టెలు, తలుపు తీయగానే తుమ్ము.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఇంట్లో గట్టిగా మాట్లాడలేదు. పెదనాన్న బెదిరిపోయి నన్ను పిలిపించాడు. ఆమె పీట మీద కూర్చుని గోడకేసి చూస్తోంది.

"పెద్దమ్మా, అరవ్వేం? ఒకసారి అరిచెయ్. పెదనాన్న తట్టుకోలేకపోతున్నాడు" అన్నాను.

"ఎవరి మీద అరవనురా? సోమవారం నుంచి సుద్దముక్కల మీద అరవనా? పిల్లలు లేకపోతే ఈ గొంతు ఎందుకురా నాకు?"

నేను లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆమె పీట పక్కన పెట్టాను.

మర్నాడు ఆమె యుద్ధం మొదలుపెట్టింది. ముందు కిరసనాయిలుతో కింది మీటరు పేరు తుడిచింది. పేరు పోయింది గానీ మెట్టు పోలేదు. కాళ్లకు చదవడం రాదు కదా, అవి లెక్కపెడుతూనే ఉన్నాయి. తర్వాత ఆ మెట్టు మీద కాలు పెట్టకుండా దూకమంది. పిల్లలు దూకారు, డెసీమీటరు మీద పడాల్సినవాళ్లు సెంటీమీటరు మీద పడ్డారు. ఒకడు మిల్లీమీటరు కూడా దాటి వాకిట్లో పడి, "నేను దేని మీద ఉన్నాను టీచర్?" అని ఏడ్చాడు.

నేల మీద సుద్దతో ఏడు గీతలు గీసి నేర్పమని నేను సలహా ఇచ్చాను. నా సలహాకు వంక పెట్టే మనిషి ఆమె ఒక్కతే. "నేను సాయంత్రం గీతల మీద నేర్పింది, పొద్దున బడికి ఎక్కొచ్చేసరికి ఆ ఎనిమిది మెట్లు చెరిపేస్తాయిరా. రోజూ ఎక్కేది వాటినే కదా" అంది.

గురువారం మధ్యాహ్నానికి అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది. పిల్లల్ని మెట్ల మీద దించుతూ, పై మీటరు నుంచి పేరు తుడిచిన మెట్టు మీదికి దిగి, ఇక నిలబడలేక అక్కడే కూలబడింది. టీచరు కూర్చుంటే పిల్లలు నిలబడతారా? తలా కాస్త చోటు చూసుకుని దాని మీదా దాని చుట్టూ కూర్చున్నారు. ఆమె ఒక పెద్ద ఊపిరి పీల్చి వదిలింది. వాళ్లూ పీల్చి వదిలారు. రోడ్డు మీంచి చూస్తే బడికి ఆయాసం వచ్చినట్టుంది.

అప్పుడు పెద్దమ్మ మెల్లగా అడిగింది. "ఒరేయ్, ఈ మెట్టు మీద మనం ఏం చేశాం?"

"కూర్చున్నాం టీచర్."

"ఇంకా?"

"ఊపిరి పీల్చుకున్నాం టీచర్."

"సున్నా ఏమైనా వేశామా?"

పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "లేదు టీచర్. కూర్చునే ఉన్నాం కదా, సున్నా ఎలా వస్తుంది?"

పెద్దమ్మ లేచింది. ఆ సాయంత్రం దాకా వాళ్లను ఆ మెట్టు మీద కూర్చోబెట్టి, పీల్పించి, లేపి దింపింది. ఇది మీటరు మెట్టు కాదు, ఊపిరి మెట్టు. ఇక్కడ లెక్క లేదు.

శుక్రవారం ఇన్‌స్పెక్టరు మేడమ్ వచ్చింది. భారీ మనిషి, చిన్న కళ్లద్దాలు. నేను హెడ్మాస్టరు సైకిలు చైను మళ్లీ బిగించడానికి కిటికీ దగ్గరికి వెళ్లాను. ఆ వారంలో ఆ చైను బిగిసినంతగా లోకంలో ఏ చైనూ బిగిసి ఉండదు.

"మూడు మీటర్లంటే ఎన్ని సెంటీమీటర్లు?"

క్లాసంతా లేచింది. అందరూ ఒక్కసారిగా నేల మీద కూర్చున్నారు. "హూఁ..." అని పీల్చి వదిలారు. లేచి, కాలితో టక్, టక్ మని రెండుసార్లు కొట్టారు. "మూడు వందలు మేడమ్!"

మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. హెడ్మాస్టరు నుదురు తుడుచుకున్నాడు. "పిల్లలకు ఆరోగ్యం కోసం వ్యాయామం కూడా కలిపామండీ" అన్నాడు.

"అయిదు లీటర్లకు ఎన్ని మిల్లీలీటర్లు?"

కూర్చున్నారు. హూఁ. లేచారు. టక్ టక్ టక్. "అయిదు వేలు!"

ఈసారి మేడమ్‌కు తెలియకుండానే వాళ్లతో పాటు ఒక ఊపిరి లోపలికెళ్లి బయటికొచ్చింది. ఆమెకది బాగున్నట్టుంది. కుర్చీలో కాస్త సర్దుకుని, "ఏడు వేల గ్రాములు ఎన్ని కిలోలు?" అని అడిగి, తానే ముందుగా గుండెలనిండా గాలి పీల్చింది.

పిల్లలు కూర్చోలేదు. టక్ టక్ టక్. "ఏడు!"

లోపలికి పీల్చిన గాలి ఏం చెయ్యాలో తెలియక మేడమ్ అలాగే బుగ్గలు పూరించుకుని ఉండిపోయింది. ముందు బెంచీ పిల్ల కిసుక్కుమంది. "అక్కడ ఊపిరి లేదు మేడమ్! గ్రాము నుంచి కిందికి దిగితేనే ఉంటుంది. మనం పైకి వెళ్లాం కదా!"

క్లాసు గొల్లుమంది. పెద్దమ్మ కళ్లు మూసుకుంది. ఇక స్టోరు గదే అనుకుందట, తర్వాత చెప్పింది. మేడమ్ గాలి వదిలి, "ఆ ఊపిరి ఎక్కడుందో నాకు చూపించండి" అంది.

అందరం మెట్ల దగ్గరికి వెళ్లాం. నేను సైకిలు కూడా తోసుకుంటూ వెళ్లాను, అనుమానం రాకుండా. మేడమ్ వాకిట్లోకి దిగిపోయి, అక్కడి నుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చింది. మిల్లీమీటరు, సెంటీమీటరు, డెసీమీటరు. నాలుగో మెట్టు మీదికి వచ్చేసరికి ఆవిడకు నిజంగానే ఆయాసం వచ్చింది. పేరు లేని ఆ మెట్టు మీద కూర్చుండిపోయింది. చాలాసేపు కూర్చుంది.

"ఇది పుస్తకంలో లేదు కదా టీచర్?"

"లేదండీ. పుస్తకం మెట్లెక్కదు కదండీ" అంది పెద్దమ్మ.

"ఎవరి ఆలోచన ఇది?"

మెప్పు వస్తోందని వాసన పట్టి హెడ్మాస్టరు ముందుకొచ్చాడు. "నాదేనండీ."

"మెట్టు ఆయనదండీ. ఊపిరి నాది" అంది పెద్దమ్మ. "సోమవారం నుంచి స్టోరు గది కూడా ఈవిడదేనటండీ" అన్నాను నేను, చైను బిగిస్తూ.

మేడమ్ లేచి చీర దులుపుకుంది. "ఇరవై ఏళ్లుగా ఎన్ని బళ్లు చూశానో. ఏ పాఠంలోనూ నన్ను కూర్చోమన్నవాళ్లు లేరు. ఈ క్లాసు ఈవిడ దగ్గరే ఉంటుంది. ఎవరూ మార్చడానికి వీల్లేదు. మీ స్టోరు గదికి తాళం చాలు" అంది హెడ్మాస్టరుతో.

పెద్దమ్మ చరచరా పైకి వెళ్లి, క్లాసులోకి పోయి, "ఎవడ్రా అక్కడ మాట్లాడుతోంది!" అని ఒక్క అరుపు అరిచింది. పిల్లలంతా వాకిట్లోనే ఉన్నారు, గదిలో ఎవరూ లేరు. అయినా అరిచింది. వీధి చివర ఇంట్లో పెదనాన్న ఆ అరుపు విని, హమ్మయ్య అనుకుని, వారం తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడట.

మేడమ్ అంతటితో ఊరుకోలేదు. చుట్టుపక్కల బళ్లన్నిటికీ ఊపిరి మెట్టు ఉండాల్సిందేనని ఆజ్ఞ వేసింది. చాలా బళ్లు చదును నేల మీద ఉన్నాయి, వాటికి అసలు మెట్లే లేవు. ఆజ్ఞ ఆజ్ఞే కాబట్టి, వాకిలి నడిమధ్య ఎనిమిది మెట్లు కట్టేస్తున్నారు. వాటి పైన గది లేదు, వసారా లేదు, ఆకాశం ఉంది. పిల్లలు కిలోమీటరు దాకా ఎక్కి, అటూ ఇటూ చూసి, వెళ్లడానికేమీ లేక మళ్లీ దిగి వస్తున్నారు. పెద్దల్లో పై మీటరు వాళ్లూ కింది మీటరు వాళ్లూ తగవు మానేశారు. కొట్లో లెక్క అడిగితే ముందు ఒక ఊపిరి పీల్చుకుని చెప్తున్నారు. మా మేస్త్రికి చేతినిండా పని.

ఆ మెట్లన్నీ వచ్చి చూసి పొమ్మని పెద్దమ్మను జీపు పంపి మరీ పిలిచారు. కొత్త టీచర్లకు పాఠం చెప్పాలట, పూలదండ కూడా ఉందట. జీపు బడి ముందు హారను కొట్టింది. పెద్దమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "రాను పో! మా వాళ్లు ఇంకా చదరపు మీటర్ల దగ్గరే ఉన్నారు. దానికి ఒక్కో మెట్టుకు రెండేసి సున్నాలు. ఎలా కూర్చోబెట్టాలో ఆలోచించుకోవాలి" అని కిటికీ మూసేసింది.